వరండాలో నిలబెట్టిన పిల్లవాడు

పాకాల జంక్షన్లో ధర్మవరం బండి ఎక్కితే పీలేరు, వాయల్పాడు దాటాక మదనపల్లె రోడ్డు వస్తుంది. దిగకుండా కూర్చుంటే కదిరి. ఆ రెండు ఊళ్లలోనూ, పక్కనున్న కడపలోనూ జిడ్డు కృష్ణమూర్తి పసితనం గడిచింది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లావాడని చెప్పుకుంటాం, ఋషివ్యాలీ బడి పేరు చెబుతాం, గురువులు వద్దన్న గురువని ఓ చమత్కారం వేసుకుని అక్కడితో ఆపేస్తాం. ఆ పసితనం ఎట్లా గడిచిందో, దాన్ని ఆయన కాగితం మీద ఎట్లా పెట్టాడో పెద్దగా మాట్లాడుకోం. ఈ వ్యాసం ఆ రెండో సంగతి గురించి. 1973 సెప్టెంబరులో, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, ఆయన తన చిన్నప్పటి దెబ్బల గురించి కొద్ది వాక్యాలు రాశాడు. అచ్చులో ఒక పేజీ కూడా నిండవు. చెడ్డ చిన్నతనాన్ని మనిషి ఎట్లా దింపుకోవచ్చో చెప్పే పుస్తకాలు చాలానే వచ్చాయి. ఆ కొద్ది వాక్యాలు ఆ పని చేసి చూపించినంతగా ఇంకేదీ చూపించలేదని నా అభిప్రాయం.

ముందు జీవితం. 1895 మే నెలలో మదనపల్లెలో పుట్టాడు. ఎనిమిదో సంతానం కాబట్టి కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రి నారాయణయ్య తహసీల్దారు దాకా ఎదిగిన రెవిన్యూ ఉద్యోగి, దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు. కడపకు బదిలీ అయ్యాక పిల్లవాడికి రెండేళ్ల వయసులో మలేరియా పట్టింది. చావు దాకా వెళ్లి వచ్చాడు. ఆ జ్వరం ఏళ్ల తరబడి తిరగబెడుతూనే ఉంది, చదువు సాగలేదు. 1904లో ఇరవై ఏళ్ల అక్క పోయింది. 1905 డిసెంబరులో తల్లి సంజీవమ్మ పోయింది. అప్పటికి పిల్లవాడికి పదేళ్లు. 1907 చివర తండ్రి రిటైరయ్యాడు. సగం జీతం పింఛను మీద ఇల్లు నడవాలి. 1909 జనవరిలో కుటుంబం మద్రాసు అడయారుకు చేరింది. సమాజం ఆవరణ బయట, సరైన వసతి లేని ఒక చిన్న ఇల్లు. అక్కణ్ణుంచి అన్నదమ్ములు మైలాపూరు బడికి రోజూ నడిచి వెళ్లేవాళ్లు. ఆ బడిలో కృష్ణ మొద్దు కింద లెక్క. బెత్తం దెబ్బలు.

ఆ ఏడాదే అడయారు సముద్రపుటొడ్డున సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ కంటబడ్డాడు. రాబోయే జగద్గురువు ఈ పిల్లవాడిలోనే వెలుస్తాడని ఆయన తేల్చాడు. పిల్లల్ని బడి మాన్పించారు. 1910లో నారాయణయ్య సంతకం పెట్టి ఇద్దరు కొడుకుల సంరక్షణ సమాజం నాయకురాలు అనీ బిసెంటుకు అప్పగించాడు. రెండేళ్లకు మనసు మార్చుకుని, పిల్లల్ని తిరిగి ఇప్పించమని దావా వేశాడు. ఆయన తరఫున వాదించింది సి.పి. రామస్వామి అయ్యర్. మద్రాసు హైకోర్టులో తండ్రి గెలిచాడు. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్ బిసెంటు పక్షాన నిలిచింది. అప్పటికి పిల్లలు ఇంగ్లండులో ఉన్నారు, మాట్లాడుతున్నది ఇంగ్లిషు, తెలుగు జారిపోతోంది. తల్లి లేదు, తండ్రి కోర్టుకెక్కాడు, పెంచినవాళ్లు దేవుణ్ణి చేస్తామన్నారు. పుండు మానకుండా జీవితమంతా గోక్కోవడానికి ఇంతకంటే సరంజామా ఇంకేం కావాలి?

మన పాకాలలో ఇందులో పదో వంతుతో బతుకంతా గడిపేసేవాళ్లు ఉన్నారు. "మా నాయన నన్ను సదివించుంటే నేనీ పొద్దు ఇట్లుందునా" అని ఏబై ఏళ్ల మనిషి అంటాడు. తండ్రి పోయి ఇరవై ఏళ్లయి ఉంటుంది. "మాయమ్మ అన్నను ఒక రకంగా, నన్నొక రకంగా సూసింది" అని మనవళ్లున్న ఆడమనిషి అంటుంది. రెండు మాటలూ నిజమే కావచ్చు, చాలాసార్లు నిజమే. వింటున్నప్పుడు నాకు ఇబ్బంది కలిగేది ఆ మాట అబద్ధమని కాదు. మనిషి తన గురించి చెప్పే మొదటి మాట అదే అవుతోంది, రెండో మాట దాకా పోడు. ఇదే కథకు ఇంకో వేషం ఉంది. సన్మాన సభల్లో వినపడుతుంది, ఎన్నికల వేదిక మీదా వినపడుతుంది. తాను ఎండలో చెప్పుల్లేకుండా నడిచి చదివానని, సవతితల్లి గంజి కూడా పోయలేదని, అట్లాంటి చోటి నుంచి ఇంతవాణ్ణయ్యానని. ఏడుపు పోయి చప్పట్లు వచ్చాయంతే, కూర్చున్న కుర్చీ మారలేదు. ఆ సవతితల్లి కథలోంచి పోతే ఆ సన్మానం సగం తరిగిపోతుంది.

ఇది మనసులో ఉంచుకుని ఆ వాక్యాల దగ్గరికి వెళ్లాలి.

అవి 'కృష్ణమూర్తి జర్నల్' అనే పుస్తకంలో ఉన్నాయి. 1973లో ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్కులోనూ రోములోనూ, 1975లో కాలిఫోర్నియాలోనూ రాసుకున్న రోజువారీ పుటలు. పుస్తకంగా 1982లో వచ్చింది. రోజువారీ పుటలంటే 'నేను' లేకుండా ఒక్క వాక్యం నడవదు కదా. ఇందులో నేను లేదు. తన గురించి రాసినప్పుడల్లా అతను అనే రాస్తాడు. సభల్లో తనను వక్త అని చెప్పుకునేవాడు. 1961, 62లలో రాసిన 'నోట్‌బుక్'లో కూడా తనను పక్కకు తప్పించే రాశాడు. కాబట్టి ఇది ఆయనకు కొత్త అలవాటు కాదు. కానీ చెట్ల గురించి, కొండల గురించి రాసేటప్పుడు నేను లేకపోవడం ఒక ఎత్తు. తాను తిన్న దెబ్బల గురించి రాసేటప్పుడు లేకపోవడం ఇంకో ఎత్తు.

ఆ పుటలో వరస ఇట్లా ఉంటుంది. ఒంటరిగా నిలబడి ఉన్న పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లవాడు ముందు కనపడతాడు. అతన్నీ తమ్ముణ్ణీ ఎవరో ఈమధ్యే గుర్తించారు. చుట్టూ హడావిడి, ఒక్కసారిగా వచ్చిపడ్డ ప్రాముఖ్యం. ముందుముందు పెద్ద సంస్థలకు, పెద్ద ఆస్తులకు అధిపతి అవుతాడని, అవన్నీ రద్దవుతాయని కూడా అక్కడే, ఆ వరసలోనే చెప్పేస్తాడు. ఆ రద్దు అంత చిన్న సంగతేం కాదు. 1929 ఆగస్టు 3న హాలండులోని ఒమ్మెన్లో, మూడు వేల మందికి పైగా సభ్యుల ముందు, తన కోసం కట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంస్థను ఆయన రద్దు చేశాడు. రాసిచ్చిన కోటను, భూముల్ని ఇచ్చినవాళ్లకే తిప్పి ఇచ్చేశాడు. జీవితచరిత్రలు దానికి ఒక అధ్యాయం కేటాయిస్తాయి. ఇక్కడ అది సగం వాక్యం. దెబ్బల దగ్గరికి రాకముందే కిరీటం తీసి పక్కన పెట్టేశాడు. ఇది ఎందుకు ముఖ్యమో ఇంకాసేపటికి చెబుతాను.

తర్వాత, ఆ పిల్లవాడికి బాల్యం, బడులు, బెత్తం దెబ్బలు ఏవీ గుర్తు లేవంటాడు. మరి కొట్టారని ఎట్లా తెలుసు? కొట్టిన పంతులే చెప్పాడు. రోజూ దాదాపుగా కొట్టేవాణ్ణని, పిల్లవాడు ఏడ్చేవాడని, బయట వరండాలో నిలబెడితే బడి వదిలేదాకా అక్కడే ఉండిపోయేవాడని, తానే వెళ్లి ఇంటికి పొమ్మని చెప్పాల్సి వచ్చేదని, లేకపోతే అట్లాగే నిలబడి ఉండేవాడని. ఎందుకు కొట్టేవాడో కూడా ఆ పంతులు మాటగానే వస్తుంది. చదివింది గుర్తుండదు, చెప్పింది గుర్తుండదు, అందుకని.

ఇక్కడ ఆగి చూడాలి. మనం మన దెబ్బల కథ చెప్పేటప్పుడు ఫిర్యాదీ మనమే, సాక్షీ మనమే, తీర్పూ మనదే. ఈ రచయిత ఆ మూడు పనుల్లో ఒక్కటీ చేయడు. సాక్ష్యం కొట్టిన చేతి నుంచే తెచ్చాడు. అందువల్ల రెండు లాభాలు కలిగాయి. దెబ్బ నిజమైంది, దాన్ని పెంచి చెబుతున్నాడని ఎవరూ అనలేరు. రెండోది, ఆ పంతులు దుర్మార్గుడి బొమ్మగా మిగలకుండా మనిషిగా మిగిలాడు. సాయంత్రం బడి మూసేముందు బయటికొచ్చి, ఒరే ఇంటికి పోరా అని చెప్పే మనిషి. కొట్టిందీ వాడే, ఇంటికి పంపిందీ వాడే. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్ని చూపి ఇంకోదాన్ని మాఫీ చేయలేదు.

ఇంకా గట్టి పని ఏమిటంటే, మొద్దు అన్న ఆరోపణకు జవాబు లేకపోవడం. ఇదే చోట మనమైతే ఒక్క వాక్యమైనా చేర్చకుండా ఉండగలమా? నిజానికి మలేరియా వల్ల అట్లా ఉండేవాణ్ణి, తల్లి లేదు కదా, ఆ భాషలో చదువు నాకు ఎక్కేది కాదు. అన్నీ నిజాలే, అన్నీ ఆయనకు అందుబాటులో ఉన్నాయి. ఒక్కటీ వాడుకోలేదు. పంతులు అన్నాడు, రాశాడు, ముందుకు వెళ్లిపోయాడు. దెబ్బ తగిలిన చోట తన తరఫున వకాల్తా పుచ్చుకోకపోవడం ఎంత కష్టమో, ఇంట్లో తమ్ముడితో వాటా తగాదా పడిన ఎవరినైనా అడగండి.

ఆ తర్వాతి మలుపు మన సినిమావాళ్ల చేతికి దొరికి ఉంటే రెండు రీళ్లు లాగేవాళ్లు. ఏళ్లు గడిచాయి. ఆ పిల్లవాడు పెద్ద సభలో మాట్లాడుతున్నాడు. ఆ పంతులు అక్కడ కూర్చుని వింటున్నాడు. ఈ మాట్లాడుతున్నది ఆ వరండా పిల్లవాడేనని నమ్మలేకపోయాడు. వచ్చి పలకరించాడు, అవసరానికి మించిన మర్యాద చూపించాడు. అంతే. ఆ మర్యాద ఎక్కువైందన్న చిన్న విసురు తప్ప ఇంకేమీ లేదు. పగ తీరిన సంతోషం లేదు, క్షమించానన్న ఔదార్యం అంతకన్నా లేదు. క్షమించానంటే మళ్లీ దెబ్బ తిన్నది నేనే అవుతాను, పైమెట్టు మీద నిలబడ్డదీ నేనే అవుతాను. ఆ మెట్టు ఆయన ఎక్కలేదు.

ఇప్పుడు కిరీటం సంగతికి రావచ్చు. ఆ సంవత్సరాలేవీ గుర్తు మిగిల్చలేదని చెప్పేటప్పుడు ఆయన స్నేహాల్ని, ఆప్యాయతల్ని, హింస పెట్టినవాళ్లతో గడిపిన కాలాన్ని ఒకే వాక్యంలో కడతాడు. మంచివీ క్రూరమైనవీ రెండూ మచ్చ పెట్టకుండా పోయాయంటాడు. నా దృష్టిలో ఈ పుట మొత్తానికి ఇరుసు ఇదే. మనకు కావాల్సింది ఏమిటి? తండ్రి తిట్టిన తిట్టు పోవాలి, పంతులు పెట్టిన దండ ఉండాలి. ఒకటి పడేసి ఇంకోటి దాచుకోవాలి. ఈయన చెబుతున్నది ఆ బేరం కుదరదని. తిట్టు అంటుకునే చోటే దండా అంటుకుంటుంది. జగద్గురువు పదవిని మనసులో అట్టే పెట్టుకున్నవాడికి మొద్దు అన్న పేరు వదలడం కుదరదు. అందుకే పుట మొదట్లోనే, దెబ్బల కంటే ముందే, ఆ ఆస్తులూ సంస్థలూ సగం వాక్యంలో రద్దయిపోయాయి. వరసలో ఈ పొందిక యాదృచ్ఛికమని నేను నమ్మను. ఒకవేళ యాదృచ్ఛికమే అయినా, చేయి తిరిగినవాడికే అట్లా పడుతుంది.

చివర్లో అనుమానించేవాణ్ణి కూడా ఆయనే లోపలికి పిలుస్తాడు. ఒక రచయిత వచ్చి ఆ పాత సంగతులన్నీ చెప్పమన్నాడట. గుర్తు లేవు, ఇతరులు చెప్పింది మాత్రమే చెప్పగలను అంటే, నటిస్తున్నావని ముఖం మీదే వెటకారం చేశాడట. ఆ వెటకారాన్ని కూడా అట్లాగే నమోదు చేశాడు, కోప్పడకుండా. చదివే మనకు అదే అనుమానం అప్పటికే వచ్చి ఉంటుంది కాబట్టి అది మన తరఫున కూడా పనిచేస్తుంది.

అనుమానం న్యాయమైనదే. నాకూ ఉంది. ఎందుకంటే గుర్తుల్లేని మనిషి కాదు ఈయన. 1913లో, పద్దెనిమిదేళ్ల వయసులో, నార్మండీలోని వారెంజ్‌విల్‌లో ఉన్నప్పుడు స్వీయచరిత్ర ఒకటి రాయడం మొదలుపెట్టాడు. కొన్ని పుటల దగ్గరే ఆగిపోయింది. అందులో తల్లి పోయాక కూడా ఆమె తనకు కనపడేదని రాశాడు. ఒకసారి మెట్లెక్కుతున్న తల్లి రూపం వెంట వెళ్లి, చీర పట్టుకోబోయాడు. పైమెట్టు చేరేసరికి ఆమె లేదు. బడికి నడిచి వెళ్తుంటే వెనక గాజుల చప్పుడు వినపడేది. సగం భయంతో తిరిగి చూసేవాడు. పదేళ్ల పిల్లవాడు మోయగల దుఃఖం కంటే ఎక్కువే అది. పద్దెనిమిదేళ్లకు అంత స్పష్టంగా ఉన్న గాజుల చప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లకు ఎక్కడికి పోయింది?

ఇంకో సంగతి దీనికి సగం జవాబు ఇస్తుంది. 1925 నవంబరులో తమ్ముడు నిత్యానంద కాలిఫోర్నియాలోని ఓహాయిలో క్షయతో పోయాడు. అప్పుడు కృష్ణమూర్తి ఓడలో ఉన్నాడు, సూయజ్ దారిలో, ఇండియాకు వస్తూ. తమ్ముడు బతుకుతాడని పెద్దలు, పరలోక గురువులు అందరూ అభయం ఇచ్చి ఉన్నారు. తంతి వచ్చింది. ఓడలో ఆయన గదిలోనే ఉన్న బి. శివరావు తర్వాత చెప్పాడు. రాత్రుళ్లు వెక్కివెక్కి ఏడ్చేవాడని, నిత్యా అని కలవరించేవాడని, ఆ కలవరింత కొన్నిసార్లు తెలుగులో ఉండేదని. మెలకువగా ఉన్నప్పుడు ఆయనకు తెలుగు రాదు అప్పటికే. మేరీ లట్యెన్స్ రాసిన జీవితచరిత్రలో ఈ ముక్క చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు ఊరుకున్నాను. గడపవతలికి పోయిందనుకున్న కడప ఇల్లు, గాజుల చప్పుడు, అంతా ఆ ఓడ గదిలో తిరిగి వచ్చి ఉండాలి. తీరం చేరేసరికి మనిషి కుదుటపడ్డాడు. ఏమీ జరగనట్టు నటించడం వల్ల కాదు. ఏడవాల్సింది ఆసాంతం ఏడ్చి, అడుగు దాకా దిగి.

కాబట్టి 1973 పుటలోని గుర్తు లేదన్న మాటను నేను మతిమరుపుగా చదవను, గొప్పగానూ చదవను. పూర్తిగా అనుభవించినదానికి మళ్లీ నెమరువేత అక్కర్లేదన్న మాటగా చదువుతాను. ఆ పుట చివరి ముక్క కూడా అదే చెబుతుంది. ఏ సంగతినీ కావాలని అడ్డగించలేదట. వచ్చాయి, పోయాయి.

ఆయనకు అట్లా కుదిరింది, మనకెట్లా? ఈ ప్రశ్నకు ఆయన జీవితం పొడుగునా చేసిన సంభాషణలే జవాబు. వాటి కట్టుబాటు కూడా పనితనమే. 'కామెంటరీస్ ఆన్ లివింగ్' అని 1956, 58, 60లలో మూడు సంపుటాలు వచ్చాయి. ఆయన సహచరుడు రాజగోపాల్ పరిష్కరించాడు. దాదాపు ప్రతి అధ్యాయం ఏదో నది ఒడ్డునో, మురికి వీధిలోనో, వాన పడ్డ మర్నాడు పొలాల మీదుగా నడిచే మనుషులతోనో మొదలవుతుంది. కాసేపు అదే. తర్వాత ఎవరో మనిషి సమస్యతో వస్తాడు. పేరు ఉండదు. భర్తను పోగొట్టుకున్న స్త్రీ, పెద్ద ఉద్యోగి, సన్యాసి, అంతే. మొదట్లో ఆ నదుల వర్ణన అలంకారమనుకునేవాణ్ణి, దాటేసి చదివేవాణ్ణి. అట్లా దాటేస్తే సంభాషణ ఎండిపోయినట్టు ఉంటుంది. సమస్యతో వచ్చిన మనిషికి తన బాధ తప్ప ప్రపంచంలో ఇంకేమీ లేదు. పాఠకుడి కన్ను మాత్రం అప్పటికే బయటి వెలుతురు చూసి వచ్చింది. పేరు లేకపోవడం వల్ల ఆ బాధ ఎవరి సొంత ఆస్తీ కాదు. అధ్యాయం సలహా ఇవ్వకుండా మధ్యలోనే ఆగిపోయినట్టు ఆగుతుంది. సలహా ఇస్తే వచ్చినవాడు మళ్లీ రోగి అయిపోతాడు.

మనసుకు తగిలిన దెబ్బ గురించి ఆయన ఎన్నో ఊళ్లలో, ఎన్నో ఏళ్లు మాట్లాడాడు. 1982లో ఓహాయిలో భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్, మనోవైద్యుడు జాన్ హిడ్లీ, జీవశాస్త్రవేత్త రూపర్ట్ షెల్డ్రేక్ ఆయనతో కూర్చుని నాలుగు దఫాలు చర్చించారు. గాయపడ్డవాళ్లను రోజూ చూసే వైద్యుడు ఎదురుగా ఉన్నా ఆయన ప్రశ్న మారదు. మన పాకాల మనిషినే ఆ ప్రశ్నల ముందు కూర్చోబెట్టి చూద్దాం. మా నాయన నువ్వు దేనికీ పనికిరావన్నాడు, అంటాడతను. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎంత అన్యాయం అన్న దారిలోకి కృష్ణమూర్తి దిగడు. ఆ దారి ఎంత పొడుగైనా ఉంటుంది, పొర తీస్తే పొర. దెబ్బ తగిలింది, సరే. తగిలినందువల్ల ఏమైంది? చుట్టూ గోడ కట్టుకున్నావు, మళ్లీ తగలకుండా. ఆ గోడ లోపలే పెళ్లి చేసుకున్నావు, పిల్లల్ని కన్నావు. అది చూశావా? చూశాక అసలు ప్రశ్న. తగిలింది దేనికి? నాకు. ఆ నువ్వు అంటే ఏమిటి? ఇక్కడ చాలాసేపు ఆగుతాడు. ఒంటికి తగల్లేదు. నా గురించి నేను పెట్టుకున్న ఒక బొమ్మకు తగిలింది. ఆ బొమ్మ ఇంట్లోవాళ్లు సగం చేశారు, బడి సగం చేసింది, మెరుగులు నేను పెట్టాను. అది ఉన్నంతకాలం ఒకరు పొగుడుతారు, ఒకరు పొడుస్తారు. తిట్టిన తండ్రి పోయినా దాన్ని పొడవడానికి భార్య ఉంటుంది, మేనేజరు ఉంటాడు. మరి బొమ్మే లేకపోతే?

తిట్టు పడుతున్న ఆ క్షణంలోనే మనిషి పూర్తి ధ్యాసతో ఉంటే అది లోపల నమోదు కాదని కూడా ఆయన అనేవాడు. ధ్యాస లేనప్పుడే బొమ్మ అందుకుని దాచుకుంటుందని. చిన్నపిల్లవాడికి ఇది ఎట్లా సాధ్యమన్నది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పెద్దవాడికి మాత్రం పనికొస్తుంది. మా నాయన అన్న మాట గుర్తొచ్చిన ప్రతిసారీ ఆ మాట మళ్లీ అంటున్నది నాయన కాదు.

ఈ పద్ధతి మీద ఉన్న కోపాన్ని కూడా చెప్పాలి. తాగొచ్చి కొట్టే భర్త ఉన్న ఆడమనిషికి నీ బొమ్మకు తగిలిందమ్మా అని చెప్పడం అన్యాయం. ఆమెకు ముందు కావాల్సింది పోలీసు స్టేషను, ఉండడానికి ఇంకో ఇల్లు. కొనసాగుతున్న హింసకు ఈ ప్రశ్న మందు కాదు, అయిపోయిన హింస లోపల నడుస్తూ ఉంటే దానికి మందు. ఈ తేడా కృష్ణమూర్తి వాక్యాల్లో ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. ఇంకోటి. రాజగోపాల్ దంపతుల కూతురు రాధా రాజగోపాల్ స్లాస్ 1991లో ఒక పుస్తకం రాసింది. కృష్ణమూర్తి తిరుగాడిన ఇంట్లోనే పెరిగిన పిల్ల ఆమె. తన తల్లితో ఆయనకున్న చాలా ఏళ్ల రహస్య సంబంధాన్ని, అది ఇంటి మీద వేసిన నీడను బయటపెట్టింది. ఆయన సంస్థలవాళ్లు దానికి జవాబులు చెప్పుకున్నారు. నాకు అందులో మిగిలేది ఒక్కటే. తన గాయాన్ని మచ్చ లేకుండా దాటినవాడి పక్కన ఇంకొక పిల్లకు గాయమైంది. జర్నల్ చదివేటప్పుడు ఆ పుస్తకం కూడా బల్ల మీద ఉండాలి. దానివల్ల ఆ పుట పనితనం తగ్గదు. భక్తి మాత్రం కాస్త తగ్గుతుంది, ఆయన కోరిందీ అదే కదా.

మన జిల్లాలోనే దీనికి పూర్తి ఎదురుదారి పట్టినవాడున్నాడు. నామిని సుబ్రమణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా'లో మిట్టూరు బాల్యాన్ని ఊరి యాసలోనే, నేను అంటూనే, ఒక్క తిట్టు కూడా దాచకుండా చెప్పాడు. చదివితే నవ్వొస్తుంది, గొంతు పట్టేస్తుంది, జాలి చూపించమని మాత్రం ఎక్కడా అడగడు. కృష్ణమూర్తి నేనును తీసేసి చేసిన పనిని నామిని నేనును బజార్లో నిలబెట్టి చేశాడు. రెండు దారులూ పాకాలకు గంట, రెండు గంటల ప్రయాణంలోనే ఉన్నాయి.

ఆ వరండాను ఆయన ఇంకొక విధంగా కూడా దాటాడు. మదనపల్లె దగ్గరి లోయలో 1926లో స్థలం కొన్నారు. 1930ల మొదట్లో అక్కడ బడి నడవడం మొదలైంది. అది ఋషివ్యాలీ. బెత్తం లేని బడి, పోలికలు వద్దన్న బడి. 1978 సెప్టెంబరు నుంచి ఆయన తన బడులన్నిటికీ ఉత్తరాలు రాశాడు. వాటిల్లో ఇంట్లోంచి గాయపడి వచ్చే పిల్లవాడి సంగతి పదేపదే వస్తుంది. ఉపాధ్యాయుడికి పాఠం చెప్పడం రెండో పని, ఈ పిల్లవాడి గాయం కనిపెట్టడం, కొత్త గాయం కాకుండా చూడటం మొదటి పని అన్నట్టుగా ఉంటాయి. ఒకణ్ణి ఇంకొకడితో పోల్చడం కూడా దెబ్బేనని ఆ ఉత్తరాల ధోరణి. వాటిల్లోనూ తన మైలాపూరు బడిని ఉదాహరణగా లాగడు. లాగి ఉంటే ఉత్తరం బరువెక్కేది, ఉపాధ్యాయులకు కన్నీళ్లొచ్చేవి. పిల్లవాడు పక్కకు జరిగిపోయేవాడు, రాసినవాడు మధ్యకు వచ్చేవాడు.

జర్నల్ చిన్న పుస్తకమే. మొదటిసారి చదివేవాళ్లు సిద్ధాంతం కోసం వెతక్కుండా 1973 సెప్టెంబరు పుటల్ని వరసగా, రోజుకొకటి చొప్పున చదివితే మంచిది. దెబ్బల పుట వాటి మధ్యలో ఎటువంటి శీర్షికా లేకుండా వస్తుంది. దానికి ముందూ వెనకా చెట్లు, పక్షులు, వెలుతురు. ఆ వాక్యాల దగ్గరికి వచ్చినప్పుడు ఒక పని చేసి చూడండి. అతను ఉన్న చోటల్లా నేను అని పెట్టి పైకి చదవండి. పంతులు చూపిన ఆ అదనపు మర్యాద దగ్గరికి వచ్చేసరికి గొంతు ఎట్లా మారిందో మీకే వినపడుతుంది.